ప్రాథమిక హక్కులు – శాసన రచన

(సాంస్కృతిక సమాజ వార్షికోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



కేంద్ర ప్రభుత్వ కార్యాలయములందు ఏ సెక్షనులోని బీరువా తెరచి చూచినను ఉద్యోగుల ప్రవర్తన నియమావళి ప్రతి యొకటి కనబడక మానదు. 1964లో వెలువడిన ఆ నియమావళిని డిపార్టుమెంటు పరీక్షలకై చదువువారు కొందరు; మెమో చేతికందిన పిమ్మట చదువువారు మరికొందరు. అందులో ఏడవ నియమము ప్రదర్శనలకును సమ్మెలకును సంబంధించినది. దేశ సార్వభౌమత్వ సమగ్రతలకు, రాజ్య భద్రతకు, విదేశములతోడి మైత్రికి, ప్రజాశాంతికి, సభ్యతకు లేక నీతికి భంగము కలిగించు ప్రదర్శనలో గాని, న్యాయస్థాన ధిక్కారము, పరువు నష్టము, నేరమునకు పురికొల్పుట అనువానితో కూడిన ప్రదర్శనలో గాని ప్రభుత్వోద్యోగి పాల్గొనరాదని అందు వ్రాయబడియున్నది.

కరువు భత్యము కొరకు గుమాస్తాలు మధ్యాహ్న విరామ సమయమున గేటువద్ద నిలిచి చేయు ప్రదర్శనకును, విదేశములతోడి మైత్రికిని ఏమి సంబంధమని చదువరికి నవ్వు రావచ్చును. కాని ఆ మాటలు నియమమును వ్రాసిన శాఖవారు స్వయముగా కల్పించినవి కావు. భారత రాజ్యాంగములోని 19వ అధికరణమునుండి దాదాపు అక్షరశః ఎత్తి వ్రాయబడినవి. అంతకు పూర్వమున్న నియమము చాల పొట్టిది, సూటియైనది. అందీ మాటలేవియు లేవు. అది పోయి ఇది వచ్చుటకు కారణమేమో తెలిసికొన్నచో, హక్కుల పత్రమొకటి శాసనమును వ్రాయువాని కలమును ఎట్లు పట్టుకొనునో బోధపడును.

హక్కుల పత్రములు లోకమునకు కొత్తవి కావు. 1689లో ఇంగ్లండు పార్లమెంటు చేసిన హక్కుల శాసనము రాజును కట్టివేసినది గాని పార్లమెంటును కట్టివేయలేదు. 1791లో అమెరికా రాజ్యాంగమునకు చేర్చబడిన పది సవరణలు అంతకంటె ముందునకు పోయి శాసనములు చేయు కాంగ్రెసునకే హద్దులు గీసినవి. భారత రాజ్యాంగ నిర్మాతలు ఈ రెండవ మార్గమునే అవలంబించిరి. ఐతే అమెరికావారు హక్కును క్లుప్తముగా చెప్పి దాని పరిమితులను న్యాయమూర్తుల విచక్షణకు విడిచిపెట్టగా, ఇచ్చట హక్కు చెప్పిన వెంటనే పరిమితులు కూడ ఖండములుగా వ్రాయబడినవి. వాక్స్వాతంత్ర్యము, సభలు జరుపుకొను స్వాతంత్ర్యము, సంఘములు ఏర్పరచుకొను స్వాతంత్ర్యము మున్నగునవి 19వ అధికరణములో మొదటి ఖండమున కలవు. ఏయే కారణములచేత వానిని ప్రభుత్వము తగ్గింపవచ్చునో తరువాతి ఖండములందు కలదు. ఆ జాబితాలో లేని కారణము ఎంత మంచిదైనను చెల్లదు.

దీనికి తోడు 13వ అధికరణము. హక్కులకు విరుద్ధమైన చట్టము, విరుద్ధమైనంత మేరకు, చెల్లదని అది ఘోషించుచున్నది. చట్టమనగా పార్లమెంటు చేసిన చట్టము మాత్రమే కాదనియు, ఆర్డినెన్సు, ఉత్తరువు, ఉపనిబంధన, నియమము, నోటిఫికేషను కూడ ఆ మాటలో చేరుననియు అందే వివరింపబడినది. సెక్షను ఆఫీసరు ముసాయిదా వ్రాసి, అండర్ సెక్రటరీ దిద్ది, గెజెటులో అచ్చుపడిన నియమము కూడ ఆ తాసులో తూగవలసినదే.

ఈ తాసునకు మొదట పనిపెట్టినది మద్రాసు రాష్ట్రము. ఆనాడు కోస్తా ఆంధ్రమును రాయలసీమయు మద్రాసులోనివే గనుక ఆ కేసులు తెలుగువారికి పరాయివి కావు. బొంబాయినుండి వెలువడుచుండిన క్రాస్ రోడ్సు అను పత్రిక మద్రాసు రాష్ట్రములో ప్రవేశింపరాదని ప్రజాశాంతి చట్టము క్రింద అచ్చటి ప్రభుత్వము నిషేధించెను. 1950 మే నెలలో సుప్రీంకోర్టు ఆ నిషేధమును కొట్టివేసినది. అప్పటి 19వ అధికరణము రెండవ ఖండములో రాజ్య భద్రత అను మాట యున్నది గాని ప్రజాశాంతి అను మాట లేదు. చిన్న అల్లరికిని రాజ్యము కూలుటకును భేదము కలదు కదా! ఏడాది తిరిగిన కొలది దినములకే, 1951 జూన్‌లో, మొదటి రాజ్యాంగ సవరణ వచ్చెను. ప్రజాశాంతి, విదేశములతోడి మైత్రి, నేరమునకు పురికొల్పుట అను మూడు కారణములు రెండవ ఖండములో చేరినవి. ప్రభుత్వమునకు బలము పెరిగినదనుట నిజమే. కాని ఆ సవరణ తోడనే ఆ ఖండములోనికి మరొక చిన్న మాట కూడ వచ్చెను. ఆంక్షలు ‘సమంజసమైనవి’గా ఉండవలెను. వాక్స్వాతంత్ర్యమును గూర్చిన ఖండములో అంతకు ముందు ఈ విశేషణము లేదు. మూడు ఆయుధములను సంపాదించిన ప్రభుత్వము ఆ తొందరలో ఒక డాలును పౌరుని చేతికిచ్చినట్లైనది.

సమంజసమనగానేమి? ఈ ప్రశ్నకు 1952 మార్చిలో వి.జి. రావు కేసులో ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి సమాధానమిచ్చెను. మద్రాసులోని ప్రజావిద్యా సంఘమొకటి చట్టవిరుద్ధమైనదని ప్రభుత్వము నోటిఫికేషను ప్రకటించియుండెను. ఆ నిర్ణయమునకు ఆధారము ప్రభుత్వమువారి అభిప్రాయమే గాని, న్యాయస్థానము విచారించు నవకాశము చట్టములో లేదు. అందరికిని అన్ని వేళల వర్తించు సూత్రమొకటి సమంజసత్వమునకు లేదనియు, ఏ హక్కునకు భంగము కలిగినది, ఏ కీడును తొలగించుటకు ఆంక్ష విధింపబడినది, ఆ కీడెంత తీవ్రమైనది, ఆంక్ష దానికి తగిన పాళములో ఉన్నదా, కాలపరిస్థితు లెట్టివి అను విషయములన్నియు చూడవలెననియు ఆయన నిర్ణయించెను. ఆంక్షలోని సారము మాత్రమే కాదు, దానిని విధించిన పద్ధతి కూడ సమంజసముగా నుండవలెను. ఆ చట్టభాగము నిలువలేదు.

ఇక ప్రభుత్వోద్యోగుల కథ.

ఉద్యోగమునకు కుదిరినవాడు పౌరుడుగా తనకున్న హక్కులను వదలుకొన్నట్లే యను భావము చాలకాలము ప్రబలముగా నుండెను. పోలీసువానికి రాజకీయములు మాటలాడు హక్కు ఉండవచ్చును గాని పోలీసుగా నుండుటకు హక్కు లేదని 1892లో అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున న్యాయమూర్తి హోమ్స్ చమత్కరించెను. ఆ చమత్కారము ఏడు దశాబ్దములు అధికారుల నోళ్లలో నలిగినది. బీహారు ప్రభుత్వము 1957లో తన ఉద్యోగుల ప్రవర్తన నియమములకు ‘4-ఏ’ అను నియమమును చేర్చినపుడు వెనుకనున్న భావమిదియే. తన ఉద్యోగ పరిస్థితులకు సంబంధించిన ఏ విషయములోను ఉద్యోగి ఎట్టి ప్రదర్శనలోను పాల్గొనరాదు, ఏ విధమైన సమ్మెయు చేయరాదు. ఆ నియమమంతయు ఇంతియే. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1955 నాటి నియమావళిలోని 4-ఏ నియమము కూడ దాదాపు ఇదే మాటలతో నుండెను.

బీహారు ఉద్యోగులు కొందరు పాట్నా హైకోర్టుకు పోయి ఓడిపోయిరి. 1962 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టులో గెలిచిరి. పూర్తిగా కాదు, సగము. ఆ తీర్పును వ్రాసినవారు న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారు. ఆయన మొదట ఒక అక్కరలేని భయమును తొలగించెను. సైనిక దళముల విషయములోను, శాంతిభద్రతలను కాపాడు దళముల విషయములోను ప్రాథమిక హక్కులను తగ్గించుటకు 33వ అధికరణము పార్లమెంటునకు ప్రత్యేకాధికారము నిచ్చుచున్నది. ఈ రెండు వర్గములను పేరుపెట్టి వేరుచేసినారనగా, తక్కిన ప్రభుత్వోద్యోగులకు ఆ హక్కులు ఉన్నవనియే కదా అర్థము! కార్యాలయపు గడప దాటినంత మాత్రమున పౌరుడు పౌరుడు కాకుండ పోడు.

పిమ్మట ప్రదర్శన అను మాటను ఆయన చేతిలోనికి తీసికొని పరీక్షించెను. ప్రదర్శన యనునది మనసులోని భావమును పరులకు తెలుపు ఒక విధానము. అది గందరగోళముగా, దౌర్జన్యముగా నుండవచ్చును. మౌనముగా, క్రమబద్ధముగా కూడ నుండవచ్చును. తమ కష్టమును సూచించు బ్యాడ్జి నొకదానిని చొక్కాకు తగిలించుకొనుట కూడ ప్రదర్శనయే. బీహారు నియమము ఈ భేదమును పాటింపక, రాయి విసరువానిని, బ్యాడ్జి పెట్టుకొన్నవానిని ఒకే గాటకట్టినది. ప్రజాశాంతికి భంగము కలిగించు ప్రదర్శనను నిషేధించియున్నచో నియమము నిలిచియుండును. అన్నింటిని నిషేధించుటచే ప్రదర్శనలకు సంబంధించిన భాగము కూలినది. సమ్మె మాట వేరు. సమ్మె చేయుటకు ప్రాథమిక హక్కు లేదు గనుక ఆ భాగము నిలిచినది. నియమము ఒకటియే, వాక్యము ఒకటియే. అందులో నాలుగు మాటలు చెల్లలేదు, నాలుగు మాటలు చెల్లినవి.

ఆ సంవత్సరమే అక్టోబరులో బొంబాయి కేసు వచ్చెను. ఇది కేంద్ర ప్రభుత్వోద్యోగులకు మరింత దగ్గరిది. అకౌంట్సు శాఖలోని ఒక ఉద్యోగి తన సంఘమునకు కార్యదర్శిగా నుండెను. ఆ సంఘమునకు ఇచ్చిన గుర్తింపును ప్రభుత్వము ఉపసంహరించెను. అప్పటి 4-బీ నియమము ప్రకారము గుర్తింపు లేని సంఘములో ఉద్యోగి సభ్యుడుగా చేరరాదు, కొనసాగరాదు. ఆయన కొనసాగెను, 1960 జులైలో జరిగిన కేంద్రోద్యోగుల సమ్మెకు సంబంధించిన అభియోగము కూడ ఆయనపై మోపబడెను. సుప్రీంకోర్టు అడిగిన ప్రశ్న చాల సామాన్యమైనది. గుర్తింపు నిచ్చుటకు, తీసివేయుటకు ప్రభుత్వమునకు ఎన్ని కారణములైనను ఉండవచ్చును. వానిలో ప్రజాశాంతితో సంబంధము లేనివి కూడ ఉండవచ్చును. అట్టి గుర్తింపుపై పౌరుని సంఘ స్వాతంత్ర్యమును ఆధారపడజేయుట ఎట్లు చెల్లును? 4-బీ నియమము మొత్తముగా పోయినది. 4-ఏ నియమములో ప్రదర్శనల భాగము బీహారు నియమము పోయిన దారినే పోయినది.

ఈ రెండు తీర్పుల పిమ్మట నియమావళిని తిరుగ వ్రాయవలసి వచ్చెను. ఆ పని చేసిన అధికారి యెవరో చరిత్రకు అక్కరలేదు గాని, ఆయన బల్లమీద ఒక ప్రక్క తీర్పు ప్రతులును, మరొక ప్రక్క రాజ్యాంగమును ఉండి తీరవలెను. సాహసింపక, రాజ్యాంగములోని మాటలనే నియమములోనికి దించెను. 1963లో పదునారవ సవరణ ద్వారా సార్వభౌమత్వము, సమగ్రత అను మాటలు 19వ అధికరణములో చేరగా, మరుసటి యేట వెలువడిన నియమావళిలో అవి కూడ ప్రత్యక్షమైనవి. సంఘములకు సంబంధించిన ఆరవ నియమములోను గుర్తింపు ప్రసక్తి పోయి, సార్వభౌమత్వము, సమగ్రత, ప్రజాశాంతి, నీతి అను మాటలు వచ్చినవి. గుర్తింపునకు వేరుగా నియమములు కలవు. ఇప్పుడు అమలులోనున్నవి 1993 నాటివి. గుర్తింపు లేని సంఘము ప్రభుత్వముతో సంప్రదింపులకు కూర్చుండజాలదు గాని, అందు సభ్యుడుగా నుండుట మాత్రము నేరము కాదు. కార్యాలయముల ఆవరణలలో పుట్టు సంఘముల వెనుక, వారెరుగకున్నను, ఆ బొంబాయి గుమాస్తా నిలిచియున్నాడు.

హక్కుల పత్రము అడుగు మరొక ప్రశ్న గలదు: ఆంక్ష విధించిన కాగితము అసలు చట్టమేనా? ఉత్తర ప్రదేశ్‌లో దోపిడి కేసునుండి సాక్ష్యము లేక విడువబడిన యొకనిపై పోలీసులు చరిత్ర పత్రము తెరచి, రాత్రివేళ తలుపు తట్టి లేపి చూచిపోవుచుండిరి. ఇందుకు ఆధారము పోలీసు నిబంధనలు. అవి శాఖాపరమైన ఆదేశములే గాని ఏ చట్టము క్రిందను చేయబడినవి కావు. కనుక ఆంక్షలను సమర్థించుటకు అవి పనికిరావని 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పి, రాత్రివేళ ఇంటిలో ప్రవేశించుటను మాత్రము కొట్టివేసెను. ఆరుగురు న్యాయమూర్తులలో ఇద్దరు అంతటితో తృప్తిపడలేదు. నిఘా మొత్తము చెల్లదనియు, ఏకాంతముగా బ్రతుకు హక్కు వ్యక్తిస్వాతంత్ర్యములో అంతర్భాగమనియు, హక్కులను వేరువేరు పెట్టెలుగా చూడరాదనియు వారి మతము. ఆ అసమ్మతి తీర్పును వ్రాసినవారు రాజమహేంద్రవరమున జన్మించి, 1954లో గుంటూరులో వెలసిన ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు. ఓడిపోయిన అభిప్రాయము పుస్తకములలో నిదురించుననుకొనుట పొరపాటు. 1978లో మేనకా గాంధీ కేసులో హక్కులు పరస్పర సంబద్ధములను భావము అంగీకరింపబడెను. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఏకాంతపు హక్కును ప్రాథమిక హక్కుగా గుర్తించుచు, ఆనాటి అల్పసంఖ్యాకుల మతమే సరియైనదనిరి. సుబ్బారావుగారు 1976లోనే దివంగతులైరి.

తీర్పు వెలువడుటతో కథ ముగియునని తలంపరాదు. ఇందుకు తెలుగుదేశములోనే తార్కాణము కలదు. ఉద్యోగములకు నివాస నిబంధనను విధించు అధికారము 16వ అధికరణము మూడవ ఖండము క్రింద పార్లమెంటునకు కలదు. ఆ యధికారముతో 1957లో చేసిన చట్టము తెలంగాణములోని కొన్ని ఉద్యోగములకు తెలంగాణములోనే నివసించియుండవలెనను నియమమునకు త్రోవ తీసెను. రాజ్యాంగములోని మాట ‘రాష్ట్రము’. రాష్ట్రములోని యొక భాగము కాదు. ఈ ఒక్క మాటపై 1969 మార్చి 28న సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును కొట్టివేసెను. 1972 అక్టోబరులో పాత ముల్కీ నిబంధనలు చెల్లునని మరొక తీర్పు వచ్చెను. మొదటి తీర్పు నాటికి తెలంగాణము ఉద్యమములో నుండెను. రెండవదాని పిమ్మట ఆంధ్ర ప్రాంతము ఉడికిపోయినది. నిఘంటువులో ఒక మాటకు గల అర్థము ఇన్ని ఇండ్లలో పొయ్యి వెలుగుటకో ఆరుటకో కారణమగుట కనుగొన్న తరమది. తుదకు న్యాయస్థానము చేయలేని పనిని రాజకీయ సమాధానము చేయవలసి వచ్చెను. 1973లో ఆరు సూత్రముల ఒప్పందము, వెంటనే ముప్పదిరెండవ సవరణ, 371-డి అధికరణము వచ్చినవి. 2014లో రాష్ట్రము విభజింపబడిన పిమ్మట ఆ అధికరణము రెండు రాష్ట్రములకును వర్తించుచున్నది.

రాజ్యాంగమునే సవరించి తీర్పును దాటవచ్చునన్నచో హక్కుల పత్రమునకు అర్థమేమి యను ప్రశ్న సహజము. సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తిగా 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో, ఆరుగురు ఒక వైపు ఐదుగురు ఒక వైపుగా, హక్కులను తగ్గించు సవరణాధికారము పార్లమెంటునకు లేదని తీర్పు చెప్పిరి. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో ఏడుగురు ఆరుగురుగా చీలిన ధర్మాసనము ఆ కట్టడిని సడలించి, సవరింపవచ్చును గాని రాజ్యాంగపు మూలస్వరూపమును చెరుపరాదనెను. ఆ తరువాత ఆస్తి హక్కు 1978 నాటి నలుబదినాలుగవ సవరణతో ప్రాథమిక హక్కుల పంక్తినుండి లేచిపోయినది. ఇది వేరొక ఉపన్యాసమునకు చాలినంత విషయము.

తిరిగి ఆ బీరువా కడకు రావలసియున్నది. 2003 జులైలో తమిళనాడులో సమ్మె చేసిన ప్రభుత్వోద్యోగులను, ఉపాధ్యాయులను లక్షన్నరకు పైగా అచ్చటి ప్రభుత్వము ఒక్కసారిగా ఉద్యోగములనుండి తొలగించెను. ఆగస్టు 6న సుప్రీంకోర్టు, ఉద్యోగులకు సమ్మె చేయు హక్కు ప్రాథమికముగా గాని, చట్టరీత్యా గాని, నీతిరీత్యా గాని లేదనెను. షరతులకు లోబడి అత్యధికులు తిరిగి తీసికొనబడిరి. ప్రాథమిక హక్కుగా లేదనుట వరకు 1962 నాటి మాటయే. నీతిరీత్యా లేదనుట మాత్రము న్యాయస్థానము చెప్పవలసిన మాటయేనా యని అప్పుడే పలువురు న్యాయవేత్తలు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో బలము లేకపోలేదు. 19వ అధికరణము తాసులో తూచవలసినది ఆంక్షను గాని ఉద్యోగి శీలమును కాదు.

ఏడవ నియమమును మరల తెరచి చూచినచో ఈ చరిత్రయంతయు ఆ కొలది పంక్తులలోనే కనబడును. ప్రదర్శనలను గూర్చిన మొదటి భాగము పొడవైనది. అందులో ప్రతి మాటకును రాజ్యాంగములో ఒక మూలము కలదు. సమ్మెను గూర్చిన రెండవ భాగము పొట్టిది. ఏ విధమైన సమ్మెయు చేయరాదు, సమ్మెకు ఏ విధముగను తోడ్పడరాదు అని అందున్నది. ఆ భాగములో రాజ్యాంగమునుండి తెచ్చుకొన్న మాట ఒక్కటియు లేదు. తెచ్చుకొనవలసిన అవసరము దానిని వ్రాసినవారికి ఇంతవరకు కలుగలేదు.